కంప్యూటర్‌లో ఉన్నది ఏ ఆటోక్యాడ్? ప్రొడక్ట్ కోడ్ చెప్పేది, చెప్పనిది

ఇంజనీరింగ్ డ్రాయింగులు గీయడానికి ఆటోడెస్క్ సంస్థ తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్. పాత ప్రాజెక్టు కోసం ఆటోక్యాడ్ 2018, ఒక ప్లగిన్ (అదనపు పనుల కోసం తగిలించే చిన్న ప్రోగ్రాము) దానిమీదే నడుస్తుంది కాబట్టి 2021, కొత్త చందాతో వచ్చిన 2024, ఇవన్నీ ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కనే ఉండగలవు. వాటికి తోడు అదే సంస్థ సాఫ్ట్‌వేర్లయిన సివిల్ 3డి, రెవిట్, డ్రాయింగులు తెరిచి చూడటానికి ఉచితంగా దొరికే డీడబ్ల్యూజీ ట్రూవ్యూ కూడా ఉండవచ్చు. కంప్యూటర్ ఒక్కటే అయితే స్టార్ట్ మెనూ తెరిచి చూసుకుంటే సరిపోతుంది. కానీ వందల కంప్యూటర్లు ఉన్న నిర్మాణ సంస్థలోనో, ఇంజనీరింగ్ కళాశాల ల్యాబులోనో ఏ యంత్రంలో ఏ వెర్షన్ ఉందో స్క్రిప్టు ద్వారా తేల్చాల్సి వచ్చినప్పుడు, లేదా ఒక ప్లగిన్ తాను ఏ వెర్షన్ ఫోల్డర్‌లో కుదురుకోవాలో మనిషి సాయం లేకుండా తెలుసుకోవాల్సి వచ్చినప్పుడు, పేరును చూసి నిర్ణయించే పద్ధతి తొందరగానే బెడిసికొడుతుంది. అందుకే విండోస్ తన ఇన్‌స్టాలర్ ద్వారా ఎక్కే ప్రతి ఉత్పత్తికీ ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్యను, అంటే ప్రొడక్ట్ కోడ్‌ను నమోదు చేసుకుంటుంది. ఆ కోడ్‌ను ఎంతవరకు నమ్మాలి, ఎక్కడ దాన్ని దాటి చూడాలి అన్నది ఆటోడెస్క్ ఉత్పత్తుల విషయంలో ప్రత్యేకంగా పరిశీలించదగిన ప్రశ్న. ఆ సంస్థ తన కోడ్‌లలో సంవత్సరాన్ని, భాషను, ఉత్పత్తి రకాన్ని కూడా ఇమిడ్చింది. చదవడం తెలిసినవారికి అది ఎంత సౌకర్యమో, అతిగా నమ్మినవారికి అంత ఇబ్బంది.

ముందుగా పేరుతో వచ్చే చిక్కు. ఆటోక్యాడ్‌కు అమ్మకపు పేరు ఒకటి, లోపలి విడుదల సంఖ్య మరొకటి. ఆటోక్యాడ్ 2010 లోపల ఆర్18.0, 2013 ఆర్19.0, 2015 ఆర్20.0, 2016 ఆర్20.1, 2017 ఆర్21.0, 2018 ఆర్22.0, 2019 ఆర్23.0, 2020 ఆర్23.1. ఆ తర్వాత 2021 నుంచి 2024 వరకు నాలుగేళ్లూ ఆర్24.0, 24.1, 24.2, 24.3 గా సాగి, 2025 తో ఆర్25.0 మొదలైంది. ఈ వరుసలో ఆర్21 కనబడగానే దాన్ని 2021 అనుకోవడం చాలా సహజంగా జరిగే పొరపాటు. నిజానికి అది 2017. ఆర్18 కూడా 2018 కాదు, 2010. స్క్రిప్టు రాసేవారు ఒక్కచోట ఈ రెండు లెక్కలనూ కలిపేస్తే నివేదిక మొత్తం తారుమారవుతుంది, పైగా ఆ తప్పు కంటికి కనిపించదు, ఎందుకంటే వచ్చిన ప్రతి సంఖ్యా నమ్మశక్యంగానే ఉంటుంది. పేరు తీరు కూడా స్థిరం కాదు. కంట్రోల్ ప్యానెల్ జాబితాలో పేరు ముందు ఆటోడెస్క్ అన్న మాట ఒక ఏడాది ఉంటుంది, ఒక ఏడాది ఉండదు. చివర భాష పేరు ఒకసారి చేరుతుంది, మరోసారి చేరదు. అప్‌డేట్లు, భాషా ప్యాకులు, అదనపు కంటెంట్ ప్యాకులు కూడా అదే పేరుతో మొదలవుతాయి. పేరులో ఆటోక్యాడ్ 2016 అన్న మాట కోసం వెతికితే అసలు ఉత్పత్తితో పాటు దాని చుట్టూ ఉన్న పరివారమంతా లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు కోడ్ సంగతి. విండోస్ ఇన్‌స్టాలర్ పద్ధతిలో, అంటే ఎంఎస్ఐ ఫైలు ద్వారా ఎక్కే ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ మూడు గుర్తింపులుంటాయి. ప్రొడక్ట్ కోడ్ ఆ ఉత్పత్తిలోని ఆ నిర్దిష్ట విడుదలను సూచిస్తుంది. అప్‌గ్రేడ్ కోడ్ ఒకే వంశానికి చెందిన విడుదలలన్నిటినీ కలిపి పట్టుకుంటుంది. ప్యాకేజీ కోడ్ ఆ ఎంఎస్ఐ ఫైలు ప్రతినే గుర్తిస్తుంది. మూడూ ఒకే ఆకారంలో ఉంటాయి: 128 బిట్ల సంఖ్యను 32 హెక్సాడెసిమల్ అంకెలుగా, 8-4-4-4-12 చొప్పున అయిదు గుంపులుగా, మీసాల బ్రాకెట్ల మధ్య రాస్తారు. హెక్సాడెసిమల్ అంటే 0 నుంచి 9 వరకు పది అంకెలూ, వాటి తర్వాత ఎ నుంచి ఎఫ్ వరకు ఆరు అక్షరాలూ. మామూలుగా ఇలాంటి సంఖ్యను యంత్రమే యాదృచ్ఛికంగా తయారుచేస్తుంది కాబట్టి దాని అంకెలకు అర్థం ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. రెండు సంఖ్యలు సమానమా, కాదా అన్నది ఒక్కటే దానితో అడగదగిన ప్రశ్న.

ఆటోడెస్క్ ఈ ఆనవాయితీని పక్కనపెట్టింది. ఆటోక్యాడ్ 2016 అమెరికన్ ఇంగ్లిష్, 64 బిట్ల ప్రతికి ఉన్న కోడ్‌ను తెలుగు అక్షరాల్లో రాస్తే 5783ఎఫ్2డి7-ఎఫ్001-0409-2102-0060బి0సిఇ6బిబిఎ అవుతుంది. ఇందులో మొదటి గుంపు, చివరి గుంపు చాలా ఏళ్ల పాటు ఆటోక్యాడ్ కుటుంబమంతటికీ ఒక్కటే. అర్థమంతా మధ్య మూడు గుంపుల్లో ఉంది. రెండో గుంపులోని మొదటి అక్షరం విడుదలను చెబుతుంది. ఎఫ్ అంటే 2016. మిగిలిన మూడు అంకెలు ఉత్పత్తి రకాన్ని చెబుతాయి: 001 ఆటోక్యాడ్, 000 సివిల్ 3డి, 002 మ్యాప్ 3డి, 004 ఆర్కిటెక్చర్, 005 మెకానికల్, 007 ఎలక్ట్రికల్, 028 ట్రూవ్యూ. మూడో గుంపు భాష. 0409 అన్నది అమెరికన్ ఇంగ్లిష్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన భాషా సంఖ్య. జర్మన్‌కు 0407, జపనీస్‌కు 0411, రష్యన్‌కు 0419. ఇదే పట్టికలో తెలుగుకూ ఒక సంఖ్య ఉంది, అది 044ఎ. అయితే ఆటోక్యాడ్ తెలుగులో రాదు కాబట్టి హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా కంప్యూటర్లలో కనిపించేది 0409 మాత్రమే. ఈ కారణంగానే మన వద్ద రాసే స్క్రిప్టుల్లో 409 ను నేరుగా కోడ్‌లోనే బిగించేసే అలవాటు తేలికగా ఏర్పడుతుంది. అదే స్క్రిప్టును జర్మనీలోనో జపాన్‌లోనో ఉన్న శాఖకు పంపినప్పుడు అక్కడ ఆటోక్యాడ్ అసలే లేదని నివేదిక వస్తుంది. భాష గుంపును వదిలేసి మిగతాది పోల్చడం సరైన పద్ధతి.

నాలుగో గుంపు కొంత సూక్ష్మమైనది. 2102 లో రెండో అంకె 1 అయితే 64 బిట్లు, 0 అయితే 32 బిట్లు. మొదటి అంకె ఆ ప్యాకేజీ పాత్రను తెలుపుతుంది. ఆటోక్యాడ్ 2016 నిజానికి ఒకే ఎంఎస్ఐగా ఎక్కదు. భాషతో సంబంధం లేని మూల భాగానికి మూడో గుంపు 0000, నాలుగోది 0102 గా ఉంటుంది. భాషా ప్యాకుకు 0409, 1102. ఆ రెంటినీ కలిపి జాబితాలో పేరుగా కనిపించే ప్యాకేజీకి 0409, 2102. అంటే ఒక్క ఆటోక్యాడ్‌కు మూడు ప్రొడక్ట్ కోడ్‌లు. రెండో గుంపును మాత్రమే చూసి లెక్కపెట్టే స్క్రిప్టు ఒక్క ఇన్‌స్టాలేషన్‌ను మూడుగా చూపుతుంది. లైసెన్సుల లెక్క తేల్చే సందర్భంలో ఇది చిన్న విషయం కాదు. 32 బిట్ల ఆటోక్యాడ్ 2019 తోనే ఆగిపోయింది కాబట్టి, 2020 నుంచి ఆ అంకె విషయంలో గందరగోళం లేదు.

ఈ కోడ్‌లలో అన్నిటికన్నా ఆలోచింపజేసేది విడుదల అక్షరం నడిచిన దారి. 2006 కు 4001, 2007 కు 5001, 2008 కు 6001, 2009 కు 7001, 2010 కు 8001, 2011 కు 9001. అంకెలు అయిపోగానే అక్షరాలు: 2012 కు ఎ001, 2013 కు బి001. ఇక్కడ సి రావాలి, రాలేదు. 2014 కు నేరుగా డి001. తర్వాత 2015 కు ఇ001, 2016 కు ఎఫ్001. హెక్సాడెసిమల్‌లో ఎఫ్ తర్వాత అక్షరం లేదు. అందువల్ల 2017 లో లెక్క మళ్లీ సున్నాకు వచ్చి 0001 అయింది, 2018 కు 1001, 2019 కు 2001, 2020 కు 3001. ఇలా మొదటికి వచ్చిన లెక్క పాత కోడ్‌లతో ఢీకొనకుండా మొదటి, చివరి గుంపులను కూడా మార్చారు. కొత్త వరుస 28బి89ఇఇఎఫ్ తో మొదలై సిఎఫ్3ఎఫ్3ఎ09బి77డి తో ముగుస్తుంది. ఆ తర్వాత 2021 కు 4001 రావాల్సిన చోట 4101 వచ్చింది. పట్టికను ఎదురుగా పెట్టుకుని చూస్తే ఇందుకు కారణం ఊహించడం కష్టం కాదు: 4001 ను 2006 అప్పటికే వాడేసింది. విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీలో ఆటోడెస్క్ వాడే పొట్టి రూపంలో ముందూ వెనుకా గుంపులు ఉండవు కాబట్టి, మధ్య అంకెలు పునరావృతమైతే తేడా తెలిసే దారి తగ్గిపోతుంది. ఆ పద్ధతిలోనే 2022 కు 5101, 2023 కు 6101, 2024 కు 7101, 2025 కు 8101 వచ్చాయి.

ఇంత క్రమబద్ధంగా ఉన్నప్పుడు ఒక సూత్రం రాసి, వచ్చే ఏడాది కోడ్‌ను ముందే లెక్కగట్టవచ్చు కదా అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే ప్రమాదం. 2013 లో అలా లెక్కగట్టిన స్క్రిప్టు సి001 కోసం ఎదురుచూసి 2014 ను గుర్తించలేకపోయి ఉండేది. 2016 లో లెక్కగట్టినది ఎఫ్ తర్వాత ఏం చేయాలో తెలియక ఆగిపోయేది. 2020 లో లెక్కగట్టినది 4001 దగ్గర తప్పేది. ఏడేళ్ల వ్యవధిలో మూడుసార్లు విరిగిన క్రమాన్ని సూత్రం అనలేం. కోడ్‌లోని అంకెలు మనిషి కంటికి ఆసరాగా పనికొస్తాయి, లాగ్ ఫైలు చదువుతున్నప్పుడు అది ఏ ఉత్పత్తో క్షణంలో చెప్పేస్తాయి. ప్రోగ్రాము మాత్రం వాటిని విడదీసి అర్థం లాగకూడదు. తెలిసిన కోడ్‌ల పట్టికను విడిగా ఉంచుకుని, కొత్త విడుదల వచ్చినప్పుడల్లా ఒక వరుస చేర్చి, పట్టికలో లేని కోడ్ ఎదురైతే తెలియనిదిగా నమోదు చేయడమే నిలకడైన మార్గం. తెలియదని చెప్పే నివేదికను సరిదిద్దుకోవచ్చు. తప్పు సంవత్సరాన్ని ధీమాగా చెప్పే నివేదిక మీద నిర్ణయాలు జరిగిపోతాయి.

రెవిట్ వేరే దారిలో నడిచింది. దాని కోడ్‌లు 7346బి4ఎ0 తో మొదలై 705సి0డి862004 తో ముగుస్తాయి. రెండో గుంపులోని మొదటి రెండంకెలే సంవత్సరం. 1500 అంటే 2015, 1600 అంటే 2016, 1700 అంటే 2017. ఆటోక్యాడ్‌తో పోలిస్తే ఇది చదవడానికి చాలా సులువు, మళ్లీ మొదటికి రావాల్సిన అవసరమూ దగ్గరలో లేదు. అయినా రెవిట్ ప్లగిన్లు రాసేవారికి ఆటోడెస్క్ ఈ అంకెలు చదువుకోమని చెప్పలేదు; రెవిట్ యాడిన్ యుటిలిటీ అనే చిన్న లైబ్రరీని ఇచ్చి, యంత్రంలో ఉన్న రెవిట్ ఉత్పత్తులన్నిటినీ, వాటి ఫోల్డర్లతో సహా అదే తిరిగి ఇచ్చేలా చేసింది. తయారీదారే ఇలాంటి దారి ఇచ్చినప్పుడు దాన్ని కాదని సొంతంగా కోడ్ విడదీసుకోవడంలో లాభం లేదు.

కోడ్‌లు ఎక్కడ దొరుకుతాయన్నది తర్వాతి ప్రశ్న. విండోస్ రిజిస్ట్రీలో అన్‌ఇన్‌స్టాల్ అనే శాఖ కింద ప్రతి ఎంఎస్ఐ ఉత్పత్తికీ దాని కోడ్ పేరుతోనే ఒక కీ, అంటే ఒక నమోదు, ఉంటుంది. అందులో పేరు, వెర్షన్, తొలగించే ఆదేశం వంటివి ఉంటాయి. 64 బిట్ల విండోస్‌లో 32 బిట్ల ఉత్పత్తుల వివరాలు వావ్6432నోడ్ అనే మరో శాఖ కింద ఉంటాయి కాబట్టి రెండూ చూడాలి. ఒకటే చూసి సగం జాబితాతో సరిపెట్టుకోవడం పాత 32 బిట్ల ఆటోక్యాడ్‌లు ఇంకా మిగిలున్న చోట తరచుగా జరిగే లోపం. విండోస్ ఇన్‌స్టాలర్ తన సొంత లెక్కల కోసం ఇవే కోడ్‌లను మరోచోట, ఇన్‌స్టాలర్ ప్రొడక్ట్స్ శాఖలో, తిరగేసిన రూపంలో దాస్తుంది. బ్రాకెట్లు, గీతలు తీసేసి, మొదటి మూడు గుంపులను వెనుక నుంచి ముందుకు రాస్తుంది. చివరి రెండు గుంపుల్లో మాత్రం జంట జంటగా అంకెలను అటూ ఇటూ మారుస్తుంది. అలా 5783ఎఫ్2డి7 కాస్తా 7డి2ఎఫ్3875 అవుతుంది, ఎఫ్001 కాస్తా 100ఎఫ్, 0409 కాస్తా 9040, 2102 కాస్తా 1220. ఈ సంగతి తెలియనివారు రిజిస్ట్రీలో ఆటోక్యాడ్ కోడ్‌ను వెతికి, ఆ శాఖలో ఏమీ దొరకలేదనుకుని, ఇన్‌స్టాలేషన్ చెడిపోయిందన్న నిర్ణయానికి వస్తారు. అర్ధంతరంగా ఆగిపోయిన అన్‌ఇన్‌స్టాల్ తర్వాత మిగిలిపోయిన అవశేషాలను వెతికేటప్పుడు ఈ తిరగేసిన రూపాన్నే వెతకాలి.

పవర్‌షెల్ (విండోస్‌లో ఆదేశాలు రాసి పనులు చేయించే సాధనం) వాడేవారిలో చాలామంది చేయి పెట్టేది విన్32 ప్రొడక్ట్ అనే క్లాసు మీద. ఒక్క వాక్యంతో జాబితా మొత్తం వస్తుంది, ప్రొడక్ట్ కోడ్‌లతో సహా. కానీ అది జాబితా అడిగిన ప్రతిసారీ యంత్రంలోని ప్రతి ఎంఎస్ఐ ఉత్పత్తి స్థితినీ పరీక్షిస్తుంది, అవసరమనిపిస్తే రిపేర్ కూడా మొదలుపెడుతుంది. అప్లికేషన్ లాగ్‌లో 1035 సంఖ్యతో వరుసగా నమోదులు పడటం దీని గుర్తు. ఆటోక్యాడ్, రెవిట్ వంటి భారీ ఉత్పత్తులున్న యంత్రాల్లో, పనివేళల్లో, వందల కంప్యూటర్ల మీద ఇలాంటి పరీక్ష నడపడం బాధ్యత లేని పని. చదవడం కోసమే వచ్చిన స్క్రిప్టు దేన్నీ మార్చకూడదు. అన్‌ఇన్‌స్టాల్ శాఖను నేరుగా చదివితే క్షణాల్లో పూర్తవుతుంది, దేన్నీ కదిలించదు. సొంత ప్రోగ్రాము రాసేవారికి విండోస్ ఇన్‌స్టాలర్ లైబ్రరీలో ఫంక్షన్లు ఉన్నాయి: అప్‌గ్రేడ్ కోడ్ ఇస్తే దాని వంశంలో ఎక్కి ఉన్న ప్రొడక్ట్ కోడ్‌లన్నీ ఇచ్చేది ఒకటి, కోడ్ ఇస్తే దాని స్థితి చెప్పేది మరొకటి. ఆ స్థితి 5 అయితే ఉత్పత్తి ఎక్కి ఉంది. 2 అయితే వేరే యూజర్ ఖాతాలో ఎక్కి ఉంది. 1 అయితే ప్రకటించారు కానీ ఇంకా ఎక్కించలేదు. మైనస్ 1 అయితే ఆ కోడ్ యంత్రానికి తెలియదు. కోడ్ రిజిస్ట్రీలో కనిపించినంత మాత్రాన సాఫ్ట్‌వేర్ నడుస్తుందని అర్థం కాదన్నది ఇక్కడ స్పష్టమవుతుంది.

ఆటోక్యాడ్ తనకంటూ మరో నమోదును కూడా ఉంచుకుంటుంది. రిజిస్ట్రీలో సాఫ్ట్‌వేర్, ఆటోడెస్క్, ఆటోక్యాడ్ శాఖల కింద ఆర్24.0 వంటి విడుదల కీ, దాని కింద ఏక్యాడ్-4101:409 వంటి ఉత్పత్తి కీ. ప్రొడక్ట్ కోడ్‌లోని రెండో, మూడో గుంపులే ఇక్కడ పొట్టిగా కనిపిస్తున్నాయని గమనించవచ్చు. ఈ కీ లోపల ఏక్యాడ్ లొకేషన్ అన్న విలువలో ఫోల్డర్ చిరునామా, ప్రొడక్ట్ నేమ్‌లో పేరు, రిలీజ్‌లో పూర్తి బిల్డ్ సంఖ్య ఉంటాయి. ప్లగిన్ రాసేవారికి అన్‌ఇన్‌స్టాల్ శాఖ కన్నా ఇదే ఎక్కువ ఉపయోగకరం, ఎందుకంటే వారికి కావలసింది ఎక్కడ ఉంది అన్నదానికి జవాబు. అయితే ఈ నమోదు రెండు చోట్ల ఉంటుంది: యంత్రమంతటికీ చెందిన విభాగంలో ఒకటి, యూజర్‌కు చెందిన విభాగంలో మరొకటి. యూజర్ విభాగంలో కర్‌వెర్ అనే విలువ చివరిగా నడిపిన వెర్షన్‌ను చెబుతుందే కానీ ఎక్కి ఉన్న వెర్షన్లను కాదు. పైగా ఆటోక్యాడ్‌ను తీసేశాక కూడా యూజర్ విభాగంలోని కీలు మిగిలిపోతుంటాయి. ఉందా లేదా తేల్చడానికి యంత్ర విభాగాన్నే చూడాలి, ఆ ఫోల్డర్‌లో ఆటోక్యాడ్‌ను నడిపే అక్యాడ్ ఎక్జీ ఫైలు నిజంగా ఉందో లేదో కూడా చూడాలి. ఆ ఫైలు ఒక్కదాన్నే నమ్ముకోవడమూ చాలదు: సివిల్ 3డి, ఆర్కిటెక్చర్ వంటివి అదే ఎక్జీని ప్రొడక్ట్ అన్న స్విచ్‌తో తమ రూపంలో నడుపుతాయి. ఫైలు ఒక్కటే, ఉత్పత్తులు అనేకం. వాటి మధ్య తేడాను చెప్పేది 4100, 4101, 4104 అన్న ఆ చిన్న కోడే.

ప్రొడక్ట్ కోడ్‌తో పాటు తరచూ కలగలిసిపోయేది ప్రొడక్ట్ కీ. ఆటోడెస్క్ లైసెన్సుల్లో అయిదు అక్షరాలతో ఉండే ఇది పూర్తిగా వేరే వస్తువు. ఆటోక్యాడ్‌కు మొదటి మూడు అంకెలు 001, ఆటోక్యాడ్ ఎల్‌టీకి 057, ఆర్కిటెక్చర్‌కు 185, సివిల్ 3డికి 237, రెవిట్‌కు 829. నాలుగో స్థానంలోని అక్షరం సంవత్సరంతో పాటు పెరుగుతుంది: 2016 కు హెచ్, 2017 కు ఐ, 2018 కు జె, అలా 2021 కు ఎం. 001ఎం1 అంటే ఆటోక్యాడ్ 2021. ఇది ఏ ఉత్పత్తి ఏ విడుదలకు హక్కు ఉందో చెబుతుంది; యంత్రంలో ఏముందో చెప్పదు. కొనుగోలు పత్రాల్లో ఉన్న కీలను, కంప్యూటర్లలో ఉన్న కోడ్‌లను ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చినప్పుడే లైసెన్స్ తనిఖీకి అర్థం ఉంటుంది. చందా పద్ధతిలో పాత వెర్షన్లు కూడా వాడుకునే వీలు ఉంటుంది కాబట్టి, ఆ రెండు జాబితాల్లోని సంవత్సరాలు కలవనంత మాత్రాన ఉల్లంఘన జరిగినట్టు కాదు.

2022 విడుదలలతో ఇంకో పొర చేరింది. ఆటోడెస్క్ తన సొంత ఇన్‌స్టాలర్‌ను ప్రవేశపెట్టడంతో, కంట్రోల్ ప్యానెల్‌లో కనిపించే నమోదు ఇక ఎంఎస్ఐ నమోదు కాదు. దాని తొలగింపు ఆదేశం ఏడీఓడీఐఎస్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాలర్ ఎక్జీని పిలుస్తుంది. అసలు ఎంఎస్ఐ ప్యాకేజీలు లోపల యథాప్రకారం ఉన్నాయి, వాటి కోడ్‌లూ ఉన్నాయి, కానీ సిస్టమ్ కాంపోనెంట్ అన్న విలువను 1 గా పెట్టడంతో జాబితాలో కనిపించవు. చిక్కేమిటంటే, బయటకు కనిపించే నమోదు కీ కూడా అచ్చం ప్రొడక్ట్ కోడ్ ఆకారంలోనే ఉంటుంది. దాన్ని తీసుకుని ఎంఎస్ఐ ఎక్జెక్ అనే విండోస్ ఆదేశంతో తొలగించబోతే 1605 లోపం వస్తుంది, అంటే ఆ ఉత్పత్తి విండోస్ ఇన్‌స్టాలర్‌కు తెలియదని. తేడా తెలుసుకోవడానికి ఆ కీలో విండోస్ ఇన్‌స్టాలర్ అన్న విలువ 1 గా ఉందో లేదో చూస్తే సరిపోతుంది. ఉంటే అది ఎంఎస్ఐ ఉత్పత్తి, లేకపోతే ఆకారం ఒకటే అయినా వస్తువు వేరు. పాత స్క్రిప్టులు 2021 వరకు చక్కగా పనిచేసి 2022 దగ్గర తడబడటానికి ఇది ప్రధాన కారణం. సంస్థలోని కంప్యూటర్లన్నిటినీ ఒకచోటి నుంచి నిర్వహించే ఇంట్యూన్, కాన్ఫిగరేషన్ మేనేజర్ వంటి వాటిలో గుర్తింపు నియమంగా ప్రొడక్ట్ కోడ్ ఇచ్చేటప్పుడు కూడా కనిపించే కోడ్‌ను కాక, లోపలి ఎంఎస్ఐ కోడ్‌ను ఇవ్వాలి.

కోడ్ చెప్పలేని మరో ముఖ్య విషయం అప్‌డేట్. విండోస్ ఇన్‌స్టాలర్ నియమాల ప్రకారం పెద్ద అప్‌గ్రేడ్‌లో మాత్రమే ప్రొడక్ట్ కోడ్ మారుతుంది. చిన్న సవరణల్లో, ప్యాచ్‌లలో కోడ్ అదే ఉండి వెర్షన్ సంఖ్య మాత్రం పెరగవచ్చు. ఆ వెర్షన్‌లో కూడా విండోస్ ఇన్‌స్టాలర్ పోల్చేది మొదటి మూడు భాగాలనే, నాలుగో భాగాన్ని పట్టించుకోదు. కాబట్టి ఆటోక్యాడ్ 2021, దాని 2021.1 అప్‌డేట్ ఒకే కోడ్‌తో కనిపిస్తాయి. భద్రతా లోపం సరిచేసిన అప్‌డేట్ అన్ని యంత్రాలకూ చేరిందా అని చూసేవారికి ప్రొడక్ట్ కోడ్ జాబితా ఎంత పొడవుగా ఉన్నా సమాధానం ఇవ్వదు. రిలీజ్ విలువనో, అక్యాడ్ ఎక్జీ ఫైలు వెర్షన్‌నో చదవాల్సిందే.

డ్రాయింగ్ ఫైలును చూసి వెర్షన్ ఊహించడం కూడా వాడుకలో ఉన్న దారే. డీడబ్ల్యూజీ ఫైలు మొదటి ఆరు బైట్లలో ఫార్మాట్ గుర్తు ఉంటుంది: ఏసీ1024 అంటే 2010 ఫార్మాట్, ఏసీ1027 అంటే 2013, ఏసీ1032 అంటే 2018. ఈ చివరి ఫార్మాట్ 2018 నుంచి 2025 విడుదల దాకా మారలేదు, పైగా ఏ వెర్షన్ నుంచైనా పాత ఫార్మాట్లో సేవ్ చేయవచ్చు. అందువల్ల ఫైలు చెప్పేది ఫైలు గురించే. అడోబీ ఉత్పత్తుల్లో మరో రకం గుర్తింపు కనిపిస్తుంది. క్రియేటివ్ క్లౌడ్ ద్వారా ఎక్కిన ఫోటోషాప్ 2021 అన్‌ఇన్‌స్టాల్ శాఖలో పీహెచ్ఎస్‌పీ_22_0 అన్న కీగా ఉంటుంది, అంటే నాలుగక్షరాల ఉత్పత్తి గుర్తు, దాని పక్కన లోపలి వెర్షన్. ప్రొడక్ట్ కోడ్ ఆకారం కోసం మాత్రమే వెతికే స్క్రిప్టుకు ఆ ఫోటోషాప్ కనపడనే కనపడదు. ఆటోడెస్క్, అడోబీ రెండూ ఉన్న యంత్రాల్లో ఒకే నియమంతో రెంటినీ పట్టుకోవాలని ప్రయత్నించడం కన్నా, తయారీదారును బట్టి వేర్వేరు నియమాలు రాసుకోవడం మేలు.

ప్లగిన్ల విషయంలో ఈ గుర్తింపు అవసరం కొంత తగ్గిందనే చెప్పాలి. ఆటోక్యాడ్ ప్లగిన్‌ను ఒక బండిల్ ఫోల్డర్‌గా పెట్టి, అందులోని ప్యాకేజ్ కంటెంట్స్ ఫైల్లో కనిష్ఠ విడుదల ఆర్24.0, గరిష్ఠ విడుదల ఆర్24.3 అని రాస్తే, ఆ మధ్యనున్న ఏ ఆటోక్యాడ్ మొదలైనా తనకు తానే చూసి ఎక్కించుకుంటుంది. ఇన్‌స్టాలర్ రిజిస్ట్రీ తవ్వాల్సిన పని లేదు. గరిష్ఠ హద్దును ఖాళీగా వదిలేయడం మాత్రం మంచిది కాదు. ఆటోక్యాడ్ 2025, చాలా ప్లగిన్లు నడవడానికి ఆధారమైన డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 ను విడిచి డాట్‌నెట్ 8 కు మారింది కాబట్టి, 2024 వరకు నడిచిన డాట్‌నెట్ ప్లగిన్లను ఆర్25.0 కోసం మళ్లీ కంపైల్ చేసి, వేరే భాగంగా, వేరే హద్దులతో అదే బండిల్‌లో చేర్చాలి. అప్పుడు రెండు వెర్షన్లూ పక్కపక్కనే ఉన్న యంత్రంలో కూడా ఏ ఆటోక్యాడ్‌కు దాని ప్లగిన్ దానికే అందుతుంది.